మార్లవాయి పంతుళ్ల గురువు

మా చెల్లెలు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది. కొత్త ఉద్యోగం పేరు అజైల్ కోచ్ అట. కోచ్ అంటే నాకు తెలిసింది మా బడిలో ఖోఖో ఆడించిన పీఈటీ సారు ఒక్కరే. ఆఫీసులో కోచ్ ఏమిటే, అక్కడ ఎవరు పరుగెత్తాలి అని ఫోన్లో నవ్వాను. అది నవ్వలేదు. గొంతు చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు విడమరిచి చెప్పింది. వెనకటికి సాఫ్ట్‌వేర్ పనంటే ఏడాదికి సరిపడా ప్లాను ముందే గీసుకుని, చివర్లో తీసుకెళ్లి ఇచ్చేవాళ్లట. తీరా చూస్తే అడిగినవాడికి కావలసింది అది కాదు. ఇట్లా లాభం లేదని 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కూర్చుని, పని పద్ధతే మార్చాలని రాసుకున్నారు. చిన్న జట్టు, రెండు వారాలకు సరిపడా చిన్న పని. అయినంత వరకు చూపించి, తప్పుంటే దిద్దుకుని ముందుకు పోవాలి. రోజూ పొద్దున పావుగంట నిలబడే మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ అడ్డం పడుతోంది, ఇంతే. రెండు వారాలకోసారి కూర్చుని మన పనిలో లోటేమిటో మనమే చెప్పుకోవాలి. కోచ్ ఆ పని తాను చేయకూడదు, చెయ్యమని ఆర్డరూ వేయకూడదు. జట్టు తన పని తానే మెరుగు చేసుకునేటట్టు చూడాలి.

బాగానే ఉంది కదా అన్నాను. బాగానే ఉంటే నీకెందుకు ఫోన్ చేస్తానక్కా, ఒక్కరూ నోరు తెరవరు అంది. లోటేమిటి అంటే అందరూ నేల చూపులు చూస్తారట. అంతా బాగుంది మేడమ్ అంటారట. పదిహేను రోజులు తిరిగేసరికి పని సగమే అయి ఉంటుంది. ఒకరోజు గట్టిగా కసిరింది. ఆ మర్నాటి నుంచి ఇంకా బిగుసుకుపోయారు. ఇట్లాగే నడిస్తే ఈ ఉద్యోగం నాకు చేతకాదని రాసిచ్చి పాత సీటుకే పోతాను అంది.

ఆ రాత్రి నాకు జవాబు తోచలేదు. వంటిల్లు సర్దుకుంటుంటే మాత్రం మార్లవాయి గుర్తొచ్చింది.

కిందటి చలికాలం పిల్లలకు జోడేఘాట్ చూపిద్దామని కరీంనగర్ నుంచి బయల్దేరాం. మంచిర్యాల, ఆసిఫాబాద్ దాటి, కెరమెరి ఘాట్ ఎక్కి, అటునుంచి జైనూరు మండలంలోని మార్లవాయి కూడా చూసి వచ్చాం. ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ప్రాంతం 2016 నుంచి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా అయింది. మార్లవాయిలో పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి హైమన్‌డార్ఫ్‌ది, ఇంకొకటి ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! నోరు విప్పని మనుషులతో పనెట్లా చేయాలో తెలిసిన మనిషి ఆయన. మా చెల్లెలికి చెప్పిన ఆ కథే మీకూ చెబుతున్నాను.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. కలిగిన కుటుంబం. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, 1931లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత లండన్ వెళ్లి పెద్ద పెద్ద పండితుల దగ్గర కూర్చున్నాడు. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాలతో ఏడాదికి పైగా ఉన్నాడు. పుస్తకాల్లో చదివిన మనుషులు వేరు, పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడే మనుషులు వేరు అని అక్కడే తెలిసి ఉంటుంది. 1938లో బెట్టీని పెళ్లాడాడు. ఆమె ఇంగ్లీషు పిల్ల. మరుసటేడు ఇద్దరూ కలిసి మళ్లీ మన దేశం వచ్చారు.

వచ్చారో లేదో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది. దాంతో హైమన్‌డార్ఫ్ కాగితాల మీద జర్మనీ పౌరుడు, అంటే ఇంగ్లీషు సర్కారుకు శత్రువు. అలాంటివాళ్లను కాపలాలో పెట్టే రోజులవి. ఈయన్ని మాత్రం కొన్ని కట్టుబాట్లతో నిజాం సంస్థానంలో ఉండనిచ్చారు. కోరుకున్నచోటికి కదలడానికి లేదు. ఆ స్థితిలో ఇంకొకరైతే హైదరాబాద్‌లో ఒక బంగళా తీసుకుని యుద్ధం ఎప్పుడు ముగుస్తుందా అని కేలండర్ చూసుకుంటూ కూర్చునేవాళ్లు. ఈ దంపతులు అడవి దారి పట్టారు. 1940లో కృష్ణ ఒడ్డున నల్లమల చెంచుల దగ్గరికి, ఆ మరుసటేడు గోదావరి కొండల్లోని కొండరెడ్ల దగ్గరికి, అక్కడినుంచి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు.

అప్పటికి ఆదిలాబాద్ అడవి పచ్చి పుండులా ఉంది. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న భూముల్ని సర్కారు రిజర్వు ఫారెస్టు అంది. పోడు కొట్టిన చోటునుంచి ఊళ్లకు ఊళ్లను లేపేశారు. పట్టాలంటే ఏమిటో గోండులకు తెలియదు. తెలిసిన షావుకార్లు, బయటినుంచి వచ్చిన ఆసాములు పట్టాలు చేయించుకున్నారు. ఇదేమన్యాయమని అడిగిన కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోలీసుల తుపాకులకు బలయ్యాడు. ఆయనతో నిలబడ్డవాళ్లూ కొందరు పోయారు. అడిగినవాడిని కాల్చేశారని ప్రతి గూడేనికీ తెలుసు. ఇంక ఏ గోండు ఏ అధికారి ముందు నోరు తెరుస్తాడు? ఏం ఇబ్బంది అని ఎవరడిగినా ఏమీ లేదు దొరా అనే అంటాడు.

కథ ఇక్కడికి వచ్చేసరికి అవతల ఫోన్లో మా చెల్లెలు చప్పుడు చేయడం మానేసింది.

అసలీ తిరుగుబాటు ఎందుకొచ్చిందో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను అడిగింది. ఆయన ఆసిఫాబాద్ డాక్‌బంగళాలో దిగి, పటేళ్లను పిలిపించి, నాలుగు కాగితాలు నింపుకుని పోలేదు. మార్లవాయిలో గోండుల ఇళ్లలాంటి గుడిసె వేసుకుని భార్యతో కాపురం పెట్టాడు. వాళ్లతో పొలాల వెంట, జాతరల వెంట తిరిగాడు. గోండీ మాట నేర్చుకున్నాడు. నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు అని వాళ్ల గోత్రాల లెక్క తెలుసుకున్నాడు. పర్ధానులు కిక్రీ వాయిస్తూ పాడే పురాణాలను కూర్చుని రాసుకున్నాడు. దీపావళికి గుస్సాడీలు నెమలి ఈకల టోపీలతో ఆడుతుంటే గుంపులో ఒకడై చూశాడు.

ఇందులో బెట్టీ పాలు తక్కువేం కాదు. ఏ ఊళ్లోనైనా మగవాడు వెళ్లి అడగలేని సంగతులు, ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకునే సంగతులు ఉంటాయి కదా. కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజగోండుల మీద 1948లో వచ్చిన పుస్తకాలకు లోపలి పేజీలో ఆమె సహకారంతో అని ఉంటుంది. 1979లో గోండుల మీద వచ్చిన పుస్తకానికి మాత్రం ఇద్దరి పేర్లూ రచయితలుగా ఉన్నాయి. సహకారం నుంచి రచయిత్రి దాకా రావడానికి ఆమెకు ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట! మన ఇళ్లలో ఎన్ని పనులకు ఆ రెండో మెట్టు కూడా దొరుకుతుందో మీరే ఆలోచించండి.

అన్నీ విన్నాక ఆయన సర్కారుకు చెప్పింది సూటిగానే చెప్పాడు. గోండులు కోపిష్టులై తిరగబడలేదు, భూమి పోయి తిరగబడ్డారు. ఇంకో మాట కూడా ఆయనకు అర్థమైంది. భూమి ఇచ్చినా నిలవదు. పట్వారీ రాసింది చదవలేనివాడికి, దస్తావేజు మీద వేలిముద్ర వేసి వచ్చేవాడికి ఇవాళ ఇచ్చిన భూమి రేపు షావుకారు చేతిలో ఉంటుంది. కాబట్టి చదువు కావాలి. చెప్పేదెవరు? ఆదిలాబాద్ అడవికి బదిలీ అంటే శిక్ష అనుకునే పట్నం పంతుళ్లా? వచ్చినా వాళ్లకు గోండీ రాదు, పిల్లలకు వాళ్ల ఉర్దూ తెలియదు.

అప్పుడు ఆయన చేసిన పనే నన్ను ఆకట్టుకున్నది. పంతుళ్లను బయటినుంచి తేలేదు, గోండుల్లోంచే తయారుచేశాడు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి గోండుల్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కకు వచ్చేంతే. ఎక్కడో కాస్త మరాఠీ చదవడం నేర్చినవాళ్లను వెతికి పట్టుకున్నారు. ఆ కొద్దిమందే మొదటి జట్టు. పూర్తిగా చదువుకున్నవాళ్లు దొరికేదాకా ఆగుదామనుకుంటే ఇవాళ్టికీ ఆగే ఉండేవాళ్లం.

గోండీకి అప్పట్లో బడిలో చెప్పేందుకు పుస్తకమే లేదు. ఆ ప్రాంతంలో మరాఠీ అలవాటు కనుక దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. వాటిలో వాళ్ల కథలే, వాళ్ల దేవుళ్లే. పిల్లవాడు మొదట తన మాటనే కాగితం మీద చూస్తాడు. ఆ తర్వాత మరాఠీ, ఆ పైన సర్కారు భాష ఉర్దూ. తెలిసిన దగ్గర మొదలుపెట్టి తెలియని దానికి చేయి పట్టుకుని నడిపించడం. మనం పసిపిల్లలకు అన్నం తినిపించేదీ ఇట్లాగే కదా, ముందు పప్పన్నం, కారం తర్వాత.

నేర్చుకున్నవాళ్లు తమ గూడేలకు పోయి బడులు పెట్టారు. ఒకేసారి జిల్లా అంతా కాదు. ఒక్కో బడి నిలబడుతుంటే ఇంకో బడి. తర్వాత ఆ కేంద్రంలో పంతుళ్లతోపాటు సర్కారు కచేరీల్లో చిన్న కొలువులకు పనికొచ్చే మనుషులను కూడా తయారుచేశారు. నిన్నటిదాకా పట్వారీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఇంటినుంచే రాతకోతలు తెలిసిన మనిషి లేస్తుంటే ఆ గూడేనికి ఎంత ధైర్యం!

హైమన్‌డార్ఫ్ ఒక్కడే ఇదంతా చేశాడంటే అబద్ధమవుతుంది. రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ అనే ఇంగ్లీషు అధికారి వెనక నిలబడ్డాడు. ఆయన అంతకుముందు బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడే. జిల్లాలో గిరిజనుల పనులు చూసిన సేతుమాధవరావు పగడి గోండీ నేర్చుకుని మరీ పనిచేశాడు. మార్లవాయి పటేల్ లచ్చు లాంటి ఊరి పెద్దలు నమ్మి పక్కన నిలిచారు. వాళ్లు నమ్మకపోతే ఏ సర్కారు పథకమైనా కాగితమే.

మరి మూగబోయిన నోళ్లు ఎట్లా తెరుచుకున్నాయి? ఏటా పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశం వాళ్ల కొలుపు అది. గోండులంతా ఎడ్లబండ్ల మీద తరలివచ్చేవాళ్లు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆ జాతరలోనే దర్బారు పెట్టించాడు. గోండు కచేరీకి పోతే భయపడతాడు, ఒక్కడే ఉంటాడు. తన దేవుడి జాతరలో, తనవాళ్ల మధ్య భయమెందుకు? అధికారులే అక్కడికి వచ్చి కూర్చుని వినాలి. మాట్లాడమని చెప్పడం కాదు, మాట్లాడే జాగా మార్చడం. ఆ దర్బారు ఆనవాయితీ ఆయన వెళ్లిపోయాక కూడా కొనసాగింది.

విన్నదానికి ఫలితం కనిపించకపోతే రెండో ఏడు ఎవరూ రారు. ఇక్కడ ఫలితం కనిపించింది. 1945లో ఆయన్ని గిరిజన, వెనుకబడిన వర్గాల వ్యవహారాలకు నిజాం సర్కారు సలహాదారుగా వేశారు. ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. ఆయన సలహాలతో 1940లు ముగిసేసరికి ఆదిలాబాద్‌లో వేలాది గిరిజన కుటుంబాలకు లక్షకు మించిన ఎకరాలు పట్టా అయ్యాయి. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టాలూ వచ్చాయి. ఒక చేత్తో పలక ఇచ్చి, ఇంకో చేత్తో పట్టా ఇప్పించాడన్నమాట. రెండింటిలో ఒకటే ఇచ్చి ఉంటే రెండూ పోయేవి.

తర్వాత ఆ దంపతులు లండన్ వెళ్లిపోయారు. అక్కడ ఆయన ప్రొఫెసర్. నేపాల్‌లో షెర్పాల మధ్య ఏళ్లతరబడి పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. 1976లో రిటైరయ్యాక ఇద్దరూ మళ్లీ మన అడవులకు వచ్చారు.

వచ్చి చూస్తే ఏముంది? రోడ్లు పడ్డాయి, రోడ్ల వెంట బయటి జనం వచ్చారు. 1956లో రాష్ట్రం మారాక గోండీ వాచకాలు మూలపడి, బడి తెలుగులోకి మారింది. పట్టా అయిన భూములు ఎన్నో చేతులు మారాయి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959లో, దాన్ని ఇంకా బిగిస్తూ 1970లో చట్టం తెచ్చినా అది కాగితం మీదే ఎక్కువ నడిచింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. భీమ్ పోయిన నలభై ఏళ్లకు మళ్లీ అదే కథ. 1982లో వచ్చిన పుస్తకంలో హైమన్‌డార్ఫ్ ఈ నష్టాన్నంతా దాచకుండా లెక్కరాశాడు. తాను మొదలుపెట్టిన పని ఎక్కడెక్కడ చెడిందో తానే రాయడానికి గుండె కావాలి.

అంటే ఆయన ఓడిపోయినట్టేనా? నాకట్లా అనిపించదు. భూమిని లాక్కున్నారు గానీ వచ్చిన అక్షరాన్ని లాక్కోలేరు. దర్బారులో నిలబడి అడిగే అలవాటునూ లాక్కోలేరు. నేర్పినవాడు పోయినా మిగిలేది అదే. పైనుంచి కాపు కాయాల్సిన చట్టం నిద్రపోతే కింద ఎంత నేర్పినా నష్టం తప్పదన్నది కూడా అంతే నిజం.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమెను మార్లవాయికే తెచ్చి సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఊరివాళ్లు ఆ దంపతుల వర్ధంతి చేస్తారు. రాజులు కారు, దేవుళ్లు కారు. వచ్చి, తమ మాట నేర్చుకుని, తమతో కూర్చున్న మనుషులు, అంతే.

కథంతా విని మా చెల్లెలు ఏమీ అనలేదు. సరే అక్కా, పడుకో అని పెట్టేసింది. అయిందా, నా ఉపన్యాసం అడవిపాలే అనుకున్నాను.

నెల తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి సంగతి వేరు. వాళ్ల జట్టులో సగం మంది చిన్న ఊళ్లనుంచి వచ్చిన పిల్లలట. ఇంగ్లీషులో తప్పులు దొర్లుతాయని భయం. మీటింగు తెలుగులోనో హిందీలోనో, ఎవరికి వచ్చినదాంట్లో వాళ్లు మాట్లాడండి అందట. గాజు గదిలో కాకుండా కేంటీన్లో టీ తాగుతూ కూర్చోబెట్టిందట. రెండోసారికి మీటింగు నడపడం వాళ్లలోనే ఒక పిల్లకు అప్పజెప్పి తాను పక్కన కూర్చుందట. అప్పుడు బయటపడింది అసలు విషయం. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో పేరుపేరునా చీటీ రాసి పై అధికారులకు పంపుతున్నారు. నాకు ఇక్కడ అడ్డం పడింది అని ఎవరైనా నోరు తెరిస్తే ఆ ముక్క ఏడాది చివర ఇంక్రిమెంటు దగ్గర తేలుతుంది. మరి ఎవరు చెబుతారు? వాళ్లకు పని రాక కాదక్కా, చెబితే దెబ్బ తగులుతుందని అంది.

ఇప్పుడది ఆ చీటీ ఆపించడానికి పైవాళ్లతో తగవు పడుతోంది. ఇంకా తేలలేదు. పాత సీటుకు పోతానన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. వచ్చే జనవరిలో సెలవు పెట్టి వస్తాను, నన్నూ మార్లవాయి తీసుకెళ్లు అని అడిగింది. సరేనన్నాను.